ఆగే ముందు 10 కి.మీ. వేగంలో బ్రేక్ పెడల్ తంతోంది, ఏబీఎస్ లైటు మాత్రం వెలగదు

నౌపడ_పికప్

బండి: డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, టూ వీల్ డ్రైవ్, 1,42,000 కి.మీ. తిరిగింది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. నాలుగు చక్రాలకీ ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రం పట్టేసి జారకుండా చూసేది) సెన్సార్లున్నాయి, అన్నీ రెండు వైర్లవే. వారానికి నాలుగైదు ట్రిప్పులు నౌపడ ఉప్పు మడుల నుంచి టెక్కలి, నరసన్నపేట వైపు బస్తాలు.

సమస్య: 50లో గట్టిగా బ్రేకు కొట్టినా ఏ ఇబ్బందీ లేదు. రైలు గేటు దగ్గరో, ఊళ్లో స్పీడ్ బ్రేకర్ దగ్గరో నెమ్మదిగా ఆపుతుంటే, ఇక ఆగిపోతాది అనగా 10, 12 కి.మీ. దగ్గర పెడల్ కాలికింద గరగరమని తంతాది. బానెట్‌లో మోటారు గిర్రుమంటాది. ఆ క్షణం బ్రేకు వదిలేసినట్టయి బండి ఇంకో మూడు నాలుగడుగులు ముందుకి పోతాది. పొడి తారు రోడ్డే, ఇసక లేదు, టైర్లు జారట్లేదు. లైటు వెలగదు, స్కానర్ పెడితే లోపం చూపే కోడ్ లేదు.

చేసినవి: ముందు ప్యాడ్లు కొత్తవి వేశాం, డిస్కులు లేత్ పట్టించాం, బ్రేక్ ఆయిల్ మార్చి ఎయిర్ తీశాం. తేడా లేదు. షెడ్డులో ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలి, అరవై వేలవుతాది అన్నారు. మార్చే ముందు ఇంకేటి చూడాలో తెలిసినోళ్లు చెప్పండి. మల్టీమీటర్ ఉంది, జాకీ స్టాండ్లు ఉన్నాయి.

లోడుబండి

ఏబీఎస్ ఫ్యూజు పీకి పక్కన పెట్టండి. మామూలు బ్రేకు మామూలుగానే పనిచేస్తాది. ఖర్చు సున్నా.

చీపురుపల్లి షెడ్డు

ఫ్యూజు పీకడం పరీక్షకి పనికొస్తాది, వైద్యానికి కాదు. పికప్‌లో మరీను. ఖాళీ బండి వెనక భాగం తేలిక. ఏబీఎస్ ఉన్న బళ్లలో వెనక చక్రాలకి ఎంత బ్రేకు పంపాలో చూసేది ఈబీడీ. అది ఉండేది కూడా ఆ యూనిట్‌లోనే. ఫ్యూజు పీకితే రెండూ పోతాయి. అందుకే చాలా బళ్లలో పసుపు ఏబీఎస్ లైటుతో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలుగుతాది. ఉప్పు దింపేసి ఖాళీగా వస్తూ, వాన పడుతుంటే హైవే మీద గట్టిగా బ్రేకు కొట్టారనుకోండి, వెనక చక్రాలు ముందు పట్టేస్తాయి, బండి అడ్డం తిరుగుతాది. పసుపు లైటు ఒక్కటే వెలిగితే నెమ్మదిగా ఇంటికి తెచ్చుకోవచ్చు. రెండూ వెలిగితే బండి పక్కకి తీసి, ముందు బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి.

ఇప్పుడు మీ సంగతి. ఖాళీ మైదానంలో, లోడు లేకుండా, 20 కి.మీ. దాటకుండా ఫ్యూజు తీసి రెండు మూడుసార్లు నెమ్మదిగా ఆపి చూడండి. పెడల్ తన్నడం ఆగిపోతే డిస్కు వంకర కాదు, ఏబీఎస్ అనవసరంగా పనిచేస్తున్నట్టే. డిస్కు వంకరైతే ఫ్యూజు ఉన్నా లేకున్నా తంతాది, 60, 80 వేగంలో స్టీరింగ్ కూడా ఊగుతాది, మోటారు చప్పుడు రాదు. మీకు చప్పుడొస్తోంది కాబట్టి తొంభై పాళ్లు తేలిపోయినట్టే, అయినా చూడండి. పరీక్ష అవగానే ఫ్యూజు తిరిగి పెట్టీయండి.

ఇలా ఎందుకవుతాదంటే: మీ సెన్సార్ రెండు వైర్లది, పాత రకం అయితే లోపల అయస్కాంతం, దాని చుట్టూ రాగి చుట్ట. ఎదురుగా పళ్ల రింగు తిరుగుతుంటే కరెంటు పుడతాది. చక్రం నెమ్మదిస్తే వోల్టేజీ తగ్గిపోతాది. సెన్సార్‌కీ రింగుకీ మధ్య సందు పెరిగినా తగ్గిపోతాది, అదీ బాగా తగ్గిపోతాది. రెండూ కలిసిన చోట, అంటే ఆగే ముందు, ఆ ఒక్క చక్రం సిగ్నల్ కంట్రోలర్‌కి అందదు. మిగతా మూడు చక్రాలు 10 అంటుంటే ఇది 0 అంటోంది. కంట్రోలర్ ఏమనుకుంటాది? చక్రం పట్టేసింది అనుకుంటాది. వెంటనే ఆ చక్రానికి బ్రేకు వదులుతాది. అది చేస్తున్న పని దాని లెక్కలో సరైనదే. కోడ్ పడకపోవడానికీ అదే కారణం: బ్రేకు వేసినప్పుడు చక్రం సున్నాకి రావడం దానికి తప్పుగా కనపడదు.

కాబట్టి యూనిట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఏ చక్రమో పట్టుకోవాలి. లైవ్ డేటా చూపించే స్కానర్ పెట్టి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, నాలుగు చక్రాల వేగాలూ ఒకే పేజీలో పెట్టుకుని 20 నుంచి నెమ్మదిగా ఆపండి. ఏది ముందు సున్నాకి పడిపోతే అదే. డ్రైవింగ్ చేస్తూ మీరే చూడకండి.

రాజాం ఆటో ఎలక్ట్రికల్

పై మాట సరైనదే. మీటర్‌తో చేసే పని నేను చెప్తాను.

మొదట సెన్సార్ ఏ రకమో తేల్చుకోవాలి. రెండు వైర్లు ఉన్నంత మాత్రాన పాత రకమని కాదు, కొత్త రకానికీ రెండే వైర్లు ఉంటాయి. సెన్సార్ కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) విప్పి, కీ ఆన్ చేసి, బండి వైపు కప్లర్‌లో డీసీ వోల్టులు చూడండి. బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా కనిపిస్తే కొత్త రకం. దాన్ని ఓమ్స్‌లో కొలవకండి, ఆ అంకె దేనికీ పనికిరాదు. అది వోల్టేజీ పుట్టించదు, 7 మిల్లీ ఆంపియర్లకీ 14 మిల్లీ ఆంపియర్లకీ మధ్య కరెంటు మారుస్తూ లెక్క పంపుతాది. వేగం తగ్గినా సిగ్నల్ బలం తగ్గదు. మీ లక్షణం చూస్తే మాత్రం పాత రకమే అనిపిస్తోంది.

పాత రకమైతే ఇలా చేయండి:

కీ ఆఫ్ చేసి కప్లర్ విప్పి సెన్సార్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్. చాలావాటికి 1 నుంచి 2 కిలో ఓమ్ మధ్య ఉంటాది. అంకె కంటే ఎడమా కుడీ పోల్చడమే ముఖ్యం. తర్వాత ఒక్కో పిన్ను నుంచి బండి ఎర్తుకి: అసలు రీడింగే రాకూడదు. వచ్చిందంటే లోపల నీరు చేరింది.

ఓమ్స్ బాగుందని సంబరపడకండి. అసలు పరీక్ష ఏసీ వోల్టులు. చక్రం లేపి స్టాండ్ మీద పెట్టి, మీటర్ ఏసీ మిల్లీ వోల్టుల్లో పెట్టి, చక్రాన్ని చేత్తో సెకనుకి ఒక చుట్టు లెక్కన తిప్పండి. నాలుగూ ఒకే వేగంతో తిప్పాలి, లేకపోతే పోలిక తప్పుతాది. ఉదాహరణకి 235/75 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు, కాబట్టి సెకనుకి ఒక చుట్టంటే గంటకి 8 కి.మీ. పైచిలుకు. అంటే మీ సమస్య వచ్చే వేగంలోనే కొలుస్తున్నారన్నమాట.

వెనక చక్రాలకి రెండు వైపులా లేపి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వదలాలి. కాబట్టి ముందు చక్రాలకి ముందూ వెనకా రెండు వైపులా దిమ్మలు పెట్టడం మరవకండి. ఒకటి తిప్పితే రెండోది ఎదురు తిరుగుతాది, అది డిఫరెన్షియల్ గుణం.

ముందు చక్రం సెన్సార్ వైరు నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే ఇనప భాగం) దగ్గర వంగే చోట లోపల తెగుతుంటాది, పై తొడుగు బాగానే కనిపిస్తాది. మీటర్ ఓమ్స్‌లో పెట్టి స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ వైరుని వంచి చూడండి. అంకె ఎగిరితే అక్కడే. వైరుకి సూది గుచ్చి మాత్రం చూడకండి. ఉప్పు బండి కదా, ఆ రంధ్రంలోంచి తేమ దూరి నెల తిరక్కముందే రాగి పచ్చగా చిలుము పట్టి పోతాది.

నౌపడ_పికప్

ఇద్దరికీ థాంక్స్ మాస్టారూ. కప్లర్లలో బ్యాటరీ వోల్టేజీ లేదు, పాత రకమే. ఫ్యూజు తీస్తే పెడల్ తన్నడం లేదు, తిరిగి పెట్టీసాను. రీడింగులు:

ముందు ఎడమ: 1.18 కిలో ఓమ్, 0.09 వోల్టు
ముందు కుడి: 1.21 కిలో ఓమ్, 0.34 వోల్టు
వెనక ఎడమ: 1.15 కిలో ఓమ్, 0.31 వోల్టు
వెనక కుడి: 1.17 కిలో ఓమ్, 0.30 వోల్టు

లైవ్ డేటాలో 12 దగ్గర ముందు ఎడమ ఒక్కసారిగా సున్నాకి పడిపోతోంది, మిగతా మూడూ 4 దాకా వస్తున్నాయి. ఎర్తుకి ఏదీ లీకు లేదు. స్టీరింగ్ తిప్పినా అంకె కదల్లేదు. కొత్త సెన్సార్ కొనీమంటారా?

చీపురుపల్లి షెడ్డు

కొనకండి, ఇంకా. 1.18 అంటే చుట్ట బాగుంది. చుట్ట బాగుండి వోల్టేజీ నాలుగో వంతే ఉందంటే సందు పెరిగింది. సందు పెరగడానికి మూడు దారులు: బేరింగ్ ఆట, రింగు అరుగుదల లేదా పగులు, సెన్సార్ కింద తుప్పు. ఉప్పు మోసే బండి కాబట్టి నా పందెం మూడోదాని మీద. అయినా వరసగానే చూడండి.

బేరింగ్: చక్రం లేపి, టైరు పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపండి. ఇంకొకళ్లని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే ఆట పోయిందంటే ఆట బేరింగ్‌ది, పోకపోతే బాల్ జాయింటుది. బేరింగ్ ఆటైతే మలుపుల్లో ఏబీఎస్ ఎక్కువ గొడవ చేస్తాది.

రింగు: టార్చి వేసి చక్రం నెమ్మదిగా తిప్పుతూ పన్ను పన్నూ చూడండి. రింగు కింద తుప్పు ఉబ్బితే రింగు సన్నగా నిలువునా పగులుతాది, వెంట్రుకంత గీత. పళ్ల మధ్య డిస్కు ఇనప పొడీ గ్రీసూ కలిసి గట్టిగా మెత్తుకుపోయినా అంతే. గట్టి నైలాన్ బ్రష్, బ్రేక్ క్లీనర్ చాలు. స్క్రూడ్రైవర్‌తో గీకకండి, పన్ను లొట్టపడితే రింగు మార్చాలి.

సెన్సార్ కింద తుప్పు: ఇదే అసలు చోటు. సెన్సార్ చెవి (బోల్టు పట్టే భాగం) ఆనే ఇనప ముఖం మీద తుప్పు పొరలు పొరలుగా పెరిగి సెన్సార్‌ని పైకి ఎత్తేస్తాది. బోల్టు బిగువుగానే ఉంటాది, బయటకి ఏమీ తెలీదు. అర మిల్లీమీటరు లేచినా చాలు. చాలా బళ్లలో ఈ సందు 0.5 నుంచి 1.2 మి.మీ. లోపు ఉండాలి, మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటాది. సర్దుబాటు స్క్రూ ఉండదు, ముఖం శుభ్రంగా ఉంటే సందు దానంతటదే సరిపోతాది. రింగు కనపడే రకమైతే విప్పే ముందే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి కొలిచి రాసుకోండి.

విప్పడం: బోల్టు సాధారణంగా 6 మి.మీ. మరది, తల 10. తుప్పు వదిలే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. బోల్టు వచ్చినా సెన్సార్ రాదు, కన్నంలో తుప్పు పట్టి కూచుంటాది. ప్లయర్‌తో దాని తల పట్టుకుని లాగితే ప్లాస్టిక్ ఊడి చేతికొస్తాది, సగం లోపలే ఉండిపోతాది. చెవి పట్టుకుని ఎడమకీ కుడికీ చిన్నచిన్నగా తిప్పుతూ, మధ్యలో స్ప్రే కొడుతూ పావుగంట ఓపిక పట్టండి. సుత్తి వాడకండి, లోపల అయస్కాంతం చిట్లితే అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.

వచ్చాక ముఖాన్ని వైర్ బ్రష్‌తో, తర్వాత 120 నంబరు ఎమరీతో ఇనుము మెరిసేదాకా రుద్దండి. తుప్పు పోవాలి, ఇనుము కాదు. గ్రైండర్ పెడితే ముఖం వంకరపోయి సందు తక్కువై రింగుకి తగులుతాది. కన్నం లోపల కూడా ఎమరీ చుట్టి తిప్పండి. ముందుగా కన్నంలో గుడ్డ కుక్కితే పొడి రింగు మీద పడదు. సెన్సార్ మొన మీద మీసాల్లా ఇనప పొడి అంటుకుని ఉంటాది, గుడ్డతో తుడిచీండి. ముఖానికి పల్చగా గ్రీసు రాసి బిగించండి. బోల్టు 8, 10 న్యూటన్ మీటర్లు మించనక్కర్లేదు, పొడుగు హ్యాండిల్ వేస్తే చెవి విరుగుతాది.

రాజాం ఆటో ఎలక్ట్రికల్

గ్రీసు మాటకి చిన్న సవరణ. బేరింగ్‌కి వేసే మామూలు గ్రీసూ వద్దు, రాగి పొడి కలిసిన గ్రీసూ వద్దు. బ్రేకు వేడికి మొదటిది కరిగి రింగు మీదకి జారి పొడిని పట్టుకుంటాది. రెండోదాన్లో లోహం ఉంటాది. బ్రేకులకి వాడే సిలికాన్ లేదా సెరామిక్ గ్రీసు గోరంత తీసుకుని ముఖానికీ కన్నం గోడకీ మాత్రమే. మొనకి ఏదీ రాయకండి.

చీపురుపల్లి షెడ్డు

ఒప్పుకున్నాను. నేను చెప్పింది కూడా బ్రేక్ గ్రీసే, వివరంగా రాయలేదు.

సాలూరు ఘాటీ

వెనక టైర్ల సైజు ఎవరూ అడగలేదు. లోడు కోసం వెనక పెద్దవి వేయించారా? మన వైపు చాలామంది వేయిస్తారు.

నౌపడ_పికప్

అవునండి. ముందు 215/75 ఆర్15, వెనక 235/75 ఆర్15. పాత ఓనరు వేయించాడు.

సాలూరు ఘాటీ

అయితే అదొక రెండో రోగం. మొదటిదానితో సంబంధం లేకపోయినా సరిచేసుకోండి. 215/75 టైరు ఎత్తు సుమారు 703 మి.మీ., 235/75 ది 733. అంటే వెనక చక్రం 4 శాతం నెమ్మదిగా తిరుగుతాది. 60లో వెళ్తుంటే వెనక చక్రాలు 57న్నరలో ఉన్నట్టు కంట్రోలర్‌కి కనిపిస్తాది. కొంత తేడాని కంట్రోలర్లు సర్దుకుంటాయి, కానీ ఈబీడీ చూసేదే ఇంత చిన్న తేడాని. బ్రేకు తొక్కగానే వెనకవి అప్పుడే జారుతున్నాయనుకుని వెనక్కి వెళ్లే ఒత్తిడిని ఆపేయొచ్చు. లోడుతో ఘాటీ దిగేటప్పుడు దీని ఫలితం తెలుస్తాది: పనంతా ముందు ప్యాడ్లే చేస్తాయి, అవే కాలి వాసనొస్తాయి, వెనక డ్రమ్ముల్లోని లైనర్లు కొత్తవాటిలాగే ఉంటాయి. మీ ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతున్నాయా?

నాలుగూ ఒకే సైజు వేయండి, అదీ కంపెనీ స్టిక్కర్ మీదున్న సైజు. బలం కావాలంటే సైజు పెంచకుండా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) ఎక్కువున్న టైరు దొరుకుతాది.

నౌపడ_పికప్

ప్యాడ్లు ఏడాదిలో రెండుసార్లు మార్చామండి. ఉప్పు బరువు వల్లనుకున్నాం.

ఈరోజు ఎడమ సెన్సార్ విప్పాను. బేరింగ్ ఆట లేదు. రింగులో 48 పళ్లు, అన్నీ బాగున్నాయి. విప్పే ముందు సందు 1.7 మి.మీ. చెవి కింద తుప్పు పెచ్చు ఒక్కటే ముక్కగా ఊడొచ్చింది, అప్పడం ముక్కలా ఉంది. శుభ్రం చేసి బిగించాక సందు 0.9. చేత్తో తిప్పితే 0.32 వోల్టు. స్కానర్‌లో నాలుగూ 4 దాకా కలిసే వస్తున్నాయి. మైదానంలో ఇరవై సార్లు ఆపాను, ఒక్కసారి కూడా తన్నలేదు. సెన్సార్ కొనలేదు, యూనిట్ సరేసరి.

కుడి వైపుది కూడా ఇప్పుడే విప్పి శుభ్రం చేసీనా? వెనకవాటికి డ్రమ్ములు తీయాలా?

రాజాం ఆటో ఎలక్ట్రికల్

48 పళ్లయితే మీ ముందు టైరుతో 10 కి.మీ. దగ్గర సెకనుకి 60 పల్సులు రావాలి. ఫ్రీక్వెన్సీ చూపించే మీటరైతే ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు.

కుడిది తప్పక తీయండి. ఇవాళ 0.34 ఉన్నా అదే ఉప్పు, అదే ఇనుము. వెనకవి చాలా బళ్లలో బ్యాక్ ప్లేట్ (డ్రమ్ము లోపలి వైపు రేకు) వెనక నుంచే వస్తాయి, డ్రమ్ము తీయనక్కర్లేదు. తీసిన సెన్సార్ మొన నల్లగా నూనెతో తడిసి ఉంటే వెనక ఇరుసు హౌసింగ్ ఆయిల్ సీలు పోయినట్టు. అప్పుడు డ్రమ్ము కూడా తీసి లైనర్లు తడిశాయేమో చూడాలి.

చీపురుపల్లి షెడ్డు

ఇంకో మూడు ముక్కలు, ఉప్పు బండి కాబట్టి.

తుప్పు పట్టకుండా కింద వేస్ట్ ఆయిల్ కొట్టిస్తుంటారు మన వాళ్లు. ఛాసిస్‌కి కొట్టండి, చక్రాల దగ్గరకి రానీయకండి. లైనర్లూ రబ్బర్లూ రెండూ పాడవుతాయి. దానికన్నా ప్రతి ట్రిప్పు అయ్యాక కింద నుంచి మంచినీళ్లతో కడగడం మేలు. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే కడగనట్టే.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి. అది గాల్లో తేమని పీల్చుకుంటాది, సముద్రం పక్కన మరీ. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే 155కి పడిపోవచ్చు. ఆ తేమే ఏబీఎస్ యూనిట్‌లోని సన్నటి వాల్వులకి తుప్పు పట్టిస్తాది, అప్పుడు అరవై వేల మాట నిజమవుతాది. డాట్ 5 అని సిలికాన్‌ది వేరే ఉంటాది, అది వద్దు. ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్ పిస్టన్ ఊరికే వెనక్కి నొక్కకండి. ఎయిర్ తీసే నిప్పుల్‌కి గొట్టం పెట్టి, వదులు చేసి నొక్కితే మురికి ఆయిల్ సీసాలోకి వస్తాది, లేకపోతే యూనిట్‌లోకి వెళ్తాది. పిస్టన్ ఆగగానే నిప్పుల్ బిగించండి.

బాడీకి వెల్డింగ్ పెట్టించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసి, ఏబీఎస్ కంట్రోలర్ కప్లర్ కూడా విప్పించండి. ఎర్తు క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి జానెడు దూరంలోనే పెట్టమనండి, ఛాసిస్ ఆ చివరన కాదు.

లోడుబండి

సాలూరు మాస్టారూ, నా బండికీ వెనక పెద్ద టైర్లే. రెండు నెలల్లో ముందువి మార్చాలి. వెనకవి బాగున్నాయి కదా అని ముందుకి కూడా 235 వేసీనా?

సాలూరు ఘాటీ

నాలుగూ ఒకటైతే ఏబీఎస్‌కి ఇబ్బంది ఉండదు, కానీ స్టిక్కర్‌లో 235 లేకపోతే స్పీడోమీటర్ 4 శాతం తక్కువ చూపిస్తాది. ముందు స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి, లోడు మీద టైరు మడ్‌గార్డుకి తగలట్లేదని చూసుకోండి. మీ ఏబీఎస్ ఫ్యూజు పెట్టే ఉందా?